తెచ్చిన నాడు ఎట్లుండెనో అట్లే

నేను ఒక రికవరీ డిస్కును. ఈ పేరు విని నన్ను వైద్యుల జాతిలో కలిపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. జబ్బుపడ్డ కంప్యూటర్‌ని లేపి కూర్చోబెడతానని, పోయినవన్నీ వెతికి తెచ్చి చేతిలో పెడతానని అనుకుంటారు. అదేం లేదు. నాకు వచ్చిన పని ఒకటే. కంప్యూటర్‌లో ఉన్నదంతా ఊడ్చేసి, అది అంగడి నుంచి ఇంటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసి వదిలేస్తాను. అందులో మీ పెళ్ళి ఫొటోలున్నాయా, మీ పిల్లల చదువు కాగితాలున్నాయా అని చూడను. అది నా పని కాదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు మనుషులంటే గిట్టదు. ఆత్మకథ చెప్పుకునే వస్తువులు మామూలుగా యజమానుల్ని తలచుకుని కళ్ళొత్తుకుంటాయి. చిల్లుపడ్డ గొడుగు, అరిగిపోయిన చెప్పు కూడా "నన్ను ఎంత బాగా చూసుకున్నారో" అని మొదలుపెడతాయి. నా దగ్గర అలాంటివి దొరకవు. నేను చూసిన మనుషుల్లో ఒకే ఒక్కరు, నేనెందుకు పుట్టానో తెలిసి నన్ను వాడారు. ఆమె మీద కూడా నాకు ప్రేమేమీ లేదు. కాస్త భయం ఉంది.

పుట్టుక గురించి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఏదో ఫ్యాక్టరీలో ఒకే అచ్చులోంచి ఊడిపడ్డ అన్నదమ్ములతో పాటు నన్నూ ఒక ప్లాస్టిక్ కడ్డీకి గుచ్చి పంపారు. అప్పటికి నేను ఖాళీ డిస్కును. ఎవరు ఏం ఎక్కిస్తే అది అవుతాను. అనంతపురంలో ఒక అంగట్లో నా పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే భజన పాటలకీ, పెళ్ళి వీడియోలకీ వెళ్ళిపోయారు. ఊరేగింపుల్లో మోగేవాడు ఒకడు, ప్రతి పండక్కీ టీవీలో కనిపించేవాడు ఒకడు. నాకు ఆ యోగం పట్టలేదు. నన్నూ ఇంకో ఇద్దరినీ ధర్మవరం తీసుకుపోయారు.

తీసుకుపోయినవాడు చౌడప్ప. పట్టుచీరలకు డిజైన్లు చేసి ఇచ్చే అంగడి ఆయనది. నుదుటి మీద పెద్ద బొట్టు, దానికి తగ్గ పెద్ద గొంతు. తన అంగట్లో ఎలుక నడిచినా తన అనుమతితోనే నడవాలనే రకం. ఇంత పెద్ద డిజైన్ల అంగడికి యజమాని అయ్యుండి ఆయనకు ఒక గీత గీయడం రాదు. గీసేది ఆయన తమ్ముడు గంగాధర భార్య హేమావతి.

ఆ పని ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. చీర అంచు మీద హంస నడవాలంటే ముందు ఆ హంసను గళ్ళు గళ్ళుగా గీయాలి. ఏ గడిలో రంగు ఉందో దాన్ని బట్టి అట్టకు చిల్లులు పడతాయి. ఆ చిల్లుల అట్టల దండ మగ్గం మీద వేలాడుతూ, ఏ దారం లేవాలో ఏ దారం పడుకోవాలో చెబుతుంది. ఒక్క గడి తప్పితే హంస మెడ విరుగుతుంది. హేమావతి తండ్రి ఆ గళ్ళను కాగితం మీద పెన్సిలుతో నింపేవాడు. ఆయన పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్న పనిని ఆమె ఇప్పుడు కంప్యూటర్ మీద చేసేది. రుద్రాక్షలు, మామిడిపిందెలు, నెమళ్ళు, గండభేరుండాలు, అన్నీ ఆమె చేతి కింద నుంచే మగ్గాలెక్కేవి.

కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు అది రోజూ తెర మూలన ఒక చిన్న మాట చూపించేది. నా ప్రాణం నా లోపలే దాచి పెట్టారు, దాన్ని డిస్కుల్లోకి తీసి బయట భద్రపరుచుకోండి, అని దాని భావం. చౌడప్ప దాన్ని దోమను తోలినట్టు తోలేసేవాడు. హేమావతి ఒకసారి ఆగి పూర్తిగా చదివింది. ఖాళీ డిస్కులు కావాలని అడిగింది. "కొత్త కంప్యూటరుకు అప్పుడే చావు గురించి ఎందుకు?" అని ఆయన విసుక్కున్నాడు. చివరికి ఎప్పుడో అనంతపురం వెళ్ళినప్పుడు మా ముగ్గురినీ తెచ్చి బల్ల మీద పడేశాడు.

మీకు వాత పెట్టించుకున్న అనుభవం ఉందో లేదో నాకు తెలియదు. నాకుంది. చీకటి పెట్టెలో పడేసి గిరగిరా తిప్పుతూ, సన్నటి వెలుగుతో నా ఒంటి మీద లోపలి నుంచి అంచు దాకా వాతలు పెట్టారు. ఇక నేను పాట కాలేను, పెళ్ళి కాలేను. బయటికి తీశాక హేమావతి నా వీపు మీద స్కెచ్ పెన్నుతో ఒకటి అని వేసింది. మిగతా ఇద్దరికీ రెండు, మూడు. తర్వాత మమ్మల్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సొరుగులో తోసింది. ఆ సొరుగులో మగ్గం మీద అడ్డదారం లాగే పాత నాడె ఒకటి, జరీ చుట్టిన కండెలు కొన్ని, సగం అయిపోయిన అగరొత్తుల పెట్టె ఉండేవి. జీవితంలో నా సహవాసం వాటితోనే. అగరొత్తుల వాసన తప్ప అక్కడ పీల్చడానికి ఏమీ లేదు.

సొరుగు చెక్క పల్చన. బయటి మాటలన్నీ వినిపించేవి. అలా విని విని నేను మనుషుల్ని తెలుసుకున్నాను, తెలుసుకున్నకొద్దీ ఒళ్ళు మండింది.

చౌడప్పకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం దొంగల భయం. డబ్బు దొంగలు కాదు, డిజైన్ల దొంగలు. ధర్మవరంలో ఒక కొత్త అంచు బయటికొచ్చిందంటే పక్క వీధివాడు దాన్ని ఎత్తుకుపోయి ముందు తనే నేయించి అమ్ముకుంటాడు. అందుకని చౌడప్ప కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే కన్నాలన్నిటినీ ఎంసీల్ ముద్దతో మూసేశాడు. గోడ మీద బొరియ పూడ్చినట్టు బొటనవేలితో నొక్కి నొక్కి పూడ్చాడు. ఇంటర్నెట్టు తీగ రానివ్వలేదు. అట్టలు కొట్టే యంత్రాన్ని అదే గదిలో పెట్టించి దానికో తీగ లాగించాడు. గీసింది తెర మీద నుంచి యంత్రంలోకి, యంత్రం నుంచి మగ్గం మీదకి పోవాలంతే. మా ముగ్గురి తర్వాత ఆ గదిలోకి ఇంకో ఖాళీ డిస్కు అడుగు పెట్టలేదు.

హేమావతి తలచుకుంటే ఒక డిస్కును కొంగులో దాచి తెచ్చి తన బొమ్మలన్నీ ఎక్కించుకుని పోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆమె అలా చేయలేదు. తాను గీసినదాన్ని తానే దొంగిలించుకోవడం ఏమిటని ఆమె పంతం. ఇలాంటి పంతాలు మనుషులకే ఉంటాయి.

దసరా వస్తే ఆయుధ పూజ. మగ్గాలకు, నాడెలకు, అట్టలు కొట్టే యంత్రానికి, కంప్యూటర్‌కి, చివరికి దాని కింద ఉన్న స్టూలుకి కూడా గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టేవాడు చౌడప్ప. ఆ పని ఇంకెవరినీ చేయనివ్వడు. మొదటి దసరాకే సొరుగు లాగి మమ్మల్ని కూడా బయటికి తీశాడు. వీటికి కూడా పూజ కావాలన్నాడు. నన్ను వెల్లకిలా తిప్పి, మెరిసే వైపు చూసి ముచ్చటపడ్డాడు.

"బావా, ఆ పక్క ముట్టుకోకూడదు," అంది హేమావతి. "దానికి రాసిందంతా ఆడే ఉంటాది."

"రాత యాడుంది? అద్దం మాదిరి తళతళ అంటా ఉంటే! ముఖం ఉండే పక్కనే గదా బొట్టు పెట్టేది."

"చెడిపోతాది బావా."

"అమ్మోరి బొట్టు పెడితే చెడిపోయేది ఏదీ ల్యా. నువ్వు పక్కకుండు."

గంధంలో వేలు ముంచి నా మెరిసే ముఖం మీద రూపాయి బిళ్ళంత పట్టు వేశాడు, దాని మీద కుంకుమ అద్దాడు. నాకు చూపంటూ ఉంటే అది ఆ వైపే. నన్ను పూజించి గుడ్డివాణ్ణి చేసిన మనిషి, చేతులు జోడించి కళ్ళు మూసుకుని నా ఎదుటే నిలబడ్డాడు. నాకు నోరు ఉంటే ఆ రోజే తిట్టేవాణ్ణి. మరుసటి దసరాకి పాత బొట్టు మీదే కొత్త బొట్టు. ఆ పై దసరాకి మళ్ళీ. రెండోవాడినీ మూడోవాడినీ మాత్రం కవర్లోంచి తీయడానికి బద్ధకించి పైపైన అక్షింతలు వేసి వదిలేశాడు. ఒకటో నంబరు కావడంలో ఉన్న సుఖం ఇది.

ఇలా ఏళ్ళు గడిచాయి. గొడవ ఎక్కడ మొదలైందంటే, బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద వ్యాపారి దగ్గర. ఆయనకు పెళ్ళికూతుళ్ళ చీరలు కావాలి, ఇంతకు ముందు ఎవరూ నేయించనివి కావాలి. హేమావతి దాదాపు ఏడాది పాటు వాటి మీద కూర్చుంది. ఇంట్లో వంట ముగించుకుని వచ్చి కూర్చునేది, మెడ పట్టేస్తే మెడకు గుడ్డ చుట్టుకుని కూర్చునేది. ఒక హంసల జంట కోసం ఆమె ఎన్నిసార్లు చెరిపిందో, ఎన్నిసార్లు గీసిందో, ఆ మౌస్ టకటకలు వినలేక నాకు విసుగొచ్చింది. ఆ బొమ్మలు ఇంకా అట్టలెక్కలేదు, ఏ మగ్గమూ వాటిని ఎరగదు. ఉన్నదల్లా ఆ కంప్యూటర్‌లోనే.

వ్యాపారి వచ్చి తెర మీద వాటిని చూసి నోరెళ్ళబెట్టాడు. ఎవరు గీశారని అడిగాడు. హేమావతి అప్పుడే కాఫీ గ్లాసులు పట్టుకుని గడప దాటుతోంది.

"నేనే సార్," అన్నాడు చౌడప్ప. "నాకు ఈ బొమ్మలు కలలో వస్తాయి."

కాఫీ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. "అవి నేను గీసినవి బావా," అందామె. గొంతు పెంచలేదు.

"మా మరదలు సార్. నేను చెప్తా ఉంటే మౌస్ కదిలిస్తాది," అని చౌడప్ప నవ్వాడు. వ్యాపారి కూడా నవ్వాడు. పక్కనే ఉన్న గంగాధర నవ్వలేదు. అన్న ముందు అతను ఎప్పుడూ కుక్కిన పేనే. భార్య ముఖం వైపు ఒకసారి చూసి, నేల మీద పడి ఉన్న దారం ముక్కను ఏరుకుంటూ కూర్చున్నాడట. ఆ రోజు నుంచి హేమావతి ఆ కుర్చీలో కూర్చోలేదు. ఇల్లు రెండు పొయ్యిలైంది. ఒకే వాకిట్లో రెండు ముగ్గులు పడ్డాయి. వేరు పోతామని ఆమె చెప్పేసింది.

వేరు పడేటప్పుడు పంచడానికి ఒక పెద్దమనిషి కావాలి కదా. ఉజ్జినప్ప వచ్చాడు. వాళ్ళకు దూరపు మామ, ఒకప్పుడు మంచి నేతగాడు, ఇప్పుడు చూపు తగ్గి తీర్పులు చెబుతున్నాడు. పొద్దున్నే వచ్చి అంగట్లో చాప మీద కూర్చుని వక్కాకు నమలడం మొదలుపెట్టాడు.

ముందు మగ్గం సంగతి వచ్చింది. పక్క హాల్లో ఉన్న మగ్గాల్లో ఒకటి హేమావతి పుట్టింటిది. దాన్ని ఆమె తీసుకుపోతానంది. దాని మీద అప్పుడు గంగాధర నేస్తున్న చీర సగంలో ఉంది. నేసేదాకా ఆగుదామంది ఆమె. చౌడప్ప ఒప్పుకోలేదు.

"మగ్గం ఆమెది, నేను కాదనను," అన్నాడు. "పడుగు నాది, జరీ నాది. ఎవురు తెచ్చింది వాళ్ళకు పోవాల. తెచ్చిన నాడు ఎట్లుండెనో అట్లే పోవాల. ఉత్త మగ్గం తెచ్చింది, ఉత్త మగ్గం తీసుకపోనీ."

"సగం చీర కోస్తే ఎవురికి లాభమప్పా?" అన్నాడు ఉజ్జినప్ప.

"లాభం కాదు మామా, న్యాయం. తెచ్చిన నాడు ఎట్లుండెనో అట్లే. ఈ మాట నువ్వు ఒప్పుకుంటావా ల్యా?"

ఉజ్జినప్ప వక్కాకు ఉమ్మి వచ్చి, "అట్లే కానీ," అన్నాడు.

కోయమని చౌడప్ప తమ్ముడికే చెప్పాడు. మగ్గం మీద బిగించిన నిలువు దారాల పడుగు మీద కత్తి పెట్టడమంటే నేతగాళ్ళ ఇళ్ళల్లో దానికంటే చెడ్డ పని లేదు. గంగాధర ఏడ్చాడో లేదో నాకు తెలియదు. దారాలు గుత్తులు గుత్తులుగా తెగిన చప్పుడు మాత్రం సొరుగులోకి వచ్చింది. బిగువుగా ఉన్న పట్టు తెగితే చిన్న నిట్టూర్పులా వినిపిస్తుంది. ఉజ్జినప్ప లేచి వీధిలోకి వెళ్ళిపోయి, అంతా అయ్యాక వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. వచ్చాక ఆయన వక్కాకు వేసుకోలేదు.

"ఇంక కంప్యూటరు," అన్నాడు చౌడప్ప ఉత్సాహంగా. "కొన్నోణ్ణి నేను."

"కొన్నోనికే," అన్నాడు ఉజ్జినప్ప.

హేమావతి అంతదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముందుకొచ్చింది. "బావ కొన్నది బావకే మామా. నేనేం అడ్డం చెప్పను. తెచ్చిన నాడు ఎట్లుండెనో అట్లే అప్పజెప్తా. సరిపోతాది గదా?"

"సరిపోతాది," అన్నాడు ఉజ్జినప్ప.

"అట్లే ఇయ్యి," అన్నాడు చౌడప్ప కూడా. దాని మీద ఆమె కుట్టిన గుడ్డ కప్పు ఉంది, పక్కన ఆమె అంటించిన అమ్మవారి పటం ఉంది. అవి తీసుకుపోతుందని అనుకున్నాడు. "నీ గుడ్డ, నీ పటం అన్నీ తీసుకపో. నాకు వద్దు."

సొరుగు తెరుచుకుంది. దసరా కాని రోజున మొదటిసారి నా మీద వెలుగు పడింది. ఆమె వేళ్ళు నన్ను అంచులు పట్టుకుని తీశాయి. నన్ను ఎలా పట్టుకోవాలో తెలిసిన వేళ్ళు అవొక్కటే. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ లేపింది, నన్ను పళ్ళెంలో పెట్టి లోపలికి తోసింది. నా జన్మలో మొదటిసారి నేను నా పని కోసం తిరిగాను. నాకు కలిగిన సంతోషం చెప్పడానికి వీల్లేదు. ఇక ఊడ్చేస్తాను, ఇక ఏదీ మిగలనివ్వను అనుకున్నాను.

"ఏంది అది? ఏం చేస్తా ఉండావు?" అన్నాడు చౌడప్ప.

ఆమె దాచలేదు. "ఇది వేస్తే కంప్యూటరు కొత్తది అవుతాది బావా. నువ్వు అనంతపురం నుంచి ఎత్తుకొచ్చిన నాడు ఎట్లుండెనో అట్లే. నేను గీసినవి ఏవీ దాంట్లో ఉండవు."

చౌడప్ప ఒంటికాలి మీద లేచాడు. "ఎవుర్తివి నువ్వు తుడిచేదానికి! ఆ బొమ్మలు నావి. కుర్చీ నాది, కరెంటు నాది, నా అంగట్లో కూర్చోని గీసినావు. పెళ్ళి చీరలకు నేను మాట ఇచ్చి ఉండా! మామా, చెప్పు ఆమెకు!"

ఉజ్జినప్ప తల ఎత్తి ఆయన గొంతు వచ్చిన వైపు చూశాడు. "ఒక మాట చెప్పప్పా. నువ్వు కొన్న నాడు దీంట్లో హంసలు ఉన్నాయా?"

"అది… అప్పుడెట్లుంటాయి?"

"ఉన్నాయా, లేవా?"

"లేవు."

"మరి ఇంకేం. నీ మాటే గదా. ఒక మాట పెట్టి పడుగు కోపిచ్చినావు, ఇప్పుడు నీకు ఇంకో మాట పెట్టమంటే నాకు రాదు."

చౌడప్ప ముఖం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే నాకు ఆ సంగతి గుర్తొచ్చింది. నేను తిరుగుతున్నాను, నా మీద వెలుగు పడుతోంది, కానీ బొట్టు ఉన్న చోటికి వచ్చేసరికి వెలుగు తిరిగి పోవడం లేదు. గంధం, కుంకుమ, దాని మీద మళ్ళీ గంధం. కంప్యూటర్ నన్ను ఆపింది, తిప్పింది, మళ్ళీ ఆపింది. గర్రుమని అరిచి, చదవలేకపోతున్నానని తెర మీద రాసి ఊరుకుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికా! నేను అప్పుడు పడ్డ అవమానం నా శత్రువుకి కూడా వద్దు. కాదులే, శత్రువుకి కావాలి.

హేమావతి తెర చూసి ఆగిపోయింది. ఆమె ముఖం చూసి చౌడప్పకు సంగతి తెలిసిపోయింది.

"పని చేయల్యా?" అన్నాడు. నవ్వు మొదలైంది. "చూసినారా! అమ్మోరే ఆపింది. నేను పెట్టిన బొట్టు అది. ఏటేటా పెడితిని. నా సొత్తును కాపాడింది!"

ఆమె నన్ను బయటికి తీసి కిటికీ వైపు తిరిగి చూసింది. ఎండిపోయి పెళ్ళలు కట్టిన బొట్టును గోరుతో గీకబోయి మానుకుంది. గీకితే నా ఒంటి మీద గీతలు పడతాయని ఆమెకు తెలుసు. ఉజ్జినప్ప కోసం పెట్టిన నీళ్ళ చెంబులో కొంగు కొస ముంచింది.

అప్పుడు, అంతదాకా హాల్లో తెగిన దారాల మధ్య కూర్చున్న గంగాధర గుమ్మంలోకి వచ్చాడు. ఆ రోజు అతను మాట్లాడిన మాటలు ఇవే. "హేమా, బొట్టు తుడవద్దు. పూజ చేసిన బొట్టు. ముత్తైదువు చేత్తో బొట్టు తుడిస్తే మంచిది కాదు."

"ఇంతకు ముందే నీ చేత్తో పడుగు కోసొచ్చినావు," అంది ఆమె. "అది మంచిదా?"

ఆమె తుడిచింది. మధ్య నుంచి అంచు వైపు, మధ్య నుంచి అంచు వైపు, గుండ్రంగా రుద్దకుండా, అలా తుడవాలని ఆమెకు ఎవరు చెప్పారో మరి. కొంగు ఎర్రబడింది. ఉజ్జినప్ప "శివా" అని ముఖం తిప్పుకున్నాడు. నా ఒంటి మీద ఏళ్ళ తరబడి ఉన్న బరువు దిగిపోయింది. ఆమె పొడి కొంగుతో ఇంకోసారి ఒత్తి, నన్ను మళ్ళీ లోపలికి పంపింది.

ఈసారి నేను నాకున్నదంతా చదివి వినిపించాను. తెర మీద హెచ్చరిక వచ్చింది.

"ఏమంటాది?" అన్నాడు ఉజ్జినప్ప.

"దీంట్లో ఉండేదంతా పోతాది, మళ్ళీ రాదు, సరేనా అని అడుగుతా ఉంది మామా."

ఆమె చెయ్యి మౌస్ మీద ఉంది. నొక్కలేదు. కంటి నీళ్ళు చెంపల మీద నుంచి కారి మెడ మీదకు పోతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఏడాది పని అది. దానికి నకలు లేదు, కాగితం మీద లేదు, మగ్గం మీద లేదు. పోతే ఆయనకు ఎంత పోతుందో ఆమెకూ అంతే పోతుంది. వేరు పోయి ఏం చేసుకుని బతకాలన్నా ఆ బొమ్మలే ఆమెకు దిక్కు.

"బావా," అంది. "ఒక్క మాట చెప్తే ఆపేస్తా. బొమ్మలన్నీ నువ్వే ఉంచుకో, చీరలు నేయిచ్చుకో, అమ్ముకో. నాకు ఏమీ వద్దు. ఇవి గీసింది ఎవురో మామకు చెప్పు. అంతే."

నేను లోపల తిరుగుతూ చెప్పొద్దు, చెప్పొద్దు అని మొక్కుకుంటున్నాను. చెబితే నా పని ఆగిపోతుంది. నేను భయపడాల్సిన అవసరమే లేకపోయింది. నాకు మనుషులంటే ఎందుకు గిట్టదో అప్పుడు చౌడప్ప ఒక్కడే నిరూపించాడు. "హేమావతి" అనే నాలుగు అక్షరాలు పలికితే ఏడాది పని, బెంగళూరు బేరం, ఊళ్ళో పేరు, అన్నీ ఆయనవే. ఆయన పెదాలు కదిలాయి. తమ్ముడి వైపు చూశాడు, ఉజ్జినప్ప వైపు చూశాడు. ఒక ఆడమనిషి ముందు, అదీ తన తమ్ముడి భార్య ముందు, ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"నా అంగట్లో గీసినవి నావే," అన్నాడు.

ఆమె నొక్కింది.

ఆ తర్వాత సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే లోపల ఉన్నది నేనే. హంసలు అరిచాయని, నెమళ్ళు ఎగిరిపోయాయని కథలు అల్లగలను. అదేం జరగలేదు. నాకు హంస తెలియదు, నెమలి తెలియదు. ఉన్నచోటు ఖాళీ అని రాసుకుంటూ పోయాను, అంతే. ఇన్నేళ్ళ కసి తీరుతుందనుకున్నాను, తీరలేదు. మనుషుల్ని ఏడిపించాలని నాకు ఉండేది. ఈమె ముందే ఏడ్చి, తెలిసి, లెక్క చూసుకుని నాకు పని అప్పజెప్పింది. నేను చేయగలిగిన నష్టం ఏదీ ఆమెకు కొత్త కాదు. నాకు భయం వేసిందని మొదట చెప్పింది అందుకే.

నా వంతు అయ్యాక రెండోవాడిని, వాడి తర్వాత మూడోవాడిని అడిగింది కంప్యూటర్. ఆమె ఒక్కొక్కరినీ అందించింది. పని జరుగుతున్నంతసేపు నేను బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాను. బయట గంగాధర మగ్గం కర్రలు విప్పి ఆటోలోకి మోస్తున్నాడు. చౌడప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఉన్నట్టుండి లేచి నన్ను చేతిలోకి తీసుకుని రెండు చేతులా వంచాడు. నేను వంగాను, ఇంకా వంగాను, ఫట్‌మని విరిగాను. విరిగినప్పుడు నా పెంకు ఒకటి ఆయన బొటనవేలిలో దిగింది. ఎంసీల్ నొక్కిన వేలు, బొట్లు పెట్టిన వేలు. రక్తం చూసి నాకు సంతోషం కలిగింది. నా జీవితంలో కల్తీలేని సంతోషం అదొక్కటే.

నేల మీద పట్టు దారాల తుక్కులో రెండు ముక్కలై పడి ఉన్నాను. కాసేపట్లో ఎవరో వచ్చి చీపురుతో ఊడ్చి, ఏ చెత్తకుప్ప మీదో పోస్తారు. నన్ను చూసి జాలి పడే పని మీరు పెట్టుకోవద్దు. ఊడ్చేలోపు చూడాల్సింది చూశాను.

కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచింది. కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతూ ఏదో సంగీతం వాయించింది. తెర మధ్యలో తెల్లగా ఒక గడి వచ్చి నిలిచింది. హేమావతి తన గుడ్డ కప్పును మడిచి చంకలో పెట్టుకుంది, అమ్మవారి పటం తీసుకుంది, కుర్చీని చౌడప్ప వైపు లాగి పెట్టింది.

"పేరు అడుగుతా ఉంది బావా. కొట్టు."

చౌడప్ప వేలు నోట్లో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు. "ఎవురి పేరు?" అన్నాడు.

"నీ పేరే కొట్టు. ఇప్పుడు దీంట్లో ఉండేదంతా నువ్వు గీసిందే."